చెప్పులక్కను ఏ చెప్పూ కరవదు

ఆ ఇంట్లో కొత్త చెప్పులు ఎవరు కొనుక్కున్నా ముందు తొడిగేది పెద్దకోడలే. కొన్నవాళ్ళు వాటిని సంచిలోంచి తీసి, వాసన చూసి, మురిసిపోయి, తీసుకెళ్ళి ఆమె మంచం పక్కన పెట్టేసేవాళ్ళు. ఆమె వాటికి ఆముదం రాసి, వేసుకుని, పనికి వెళ్ళి వచ్చి, మళ్ళీ వెళ్ళి వచ్చి, చివరికి గుమ్మం పక్కన విడిచి, "ఇంక తీసుకోండి, బుద్ధి చెప్పాను," అనేది. అట్టముక్కలా బిర్రబిగుసుకుని ఉన్న పట్టీలు అప్పటికి మెత్తబడి, చెప్పినమాట వినేవి.

ఇంట్లోవాళ్ళతో ఆగితే బాగానే ఉండేది. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు, ఎదురింటికొచ్చిన చుట్టాలు కూడా మొదలుపెట్టారు. మగవాళ్ళ చెప్పులైతే ముందు భాగంలో గుడ్డలు కుక్కుకుని మరీ నడిచేది. వీధిలో ఆమెకు చెప్పులక్క అని పేరు పడిపోయింది. ఆ పేరు వింటే ఆమెకు కోపం రాకపోగా, లోపల్లోపల పొంగిపోయేది. చదువు లేదు, చెప్పుకోదగ్గ అందం లేదు, పాట రాదు. ఇన్నేళ్ళ బతుకులో పదిమంది మెచ్చుకున్నది ఆమె పాదాలనే. మనిషన్నాక ఏదో ఒకదానికి మురవాలి కదా.

కాపురానికి వచ్చిన కొత్తలో మాత్రం చెప్పులు అందరినీ కరిచినట్టే ఆమెనూ కరిచాయి. మడమలకు పొక్కులు లేచి, కుంటుకుంటూ నీళ్ళు మోసిన రోజులున్నాయి. తర్వాతెప్పుడో కరవడం మానేశాయి. ఎప్పుడు మానేశాయో ఆమెకు గుర్తులేదు. లాండ్రీలో నిలబడి నిలబడి పాదాలు రాటుదేలాయనుకుంది. భర్త లారీ తోలేవాడు. ఇంట్లో ఉన్న కాసేపూ స్టీరింగు ముందు కూర్చున్నట్టే ఎదురుగా చూస్తూ కూర్చునేవాడు. భార్య అరికాళ్ళు ఎలా ఉన్నాయో చూసే తీరిక ఆయనకెక్కడిది?

ఆమె పనిచేసే లాండ్రీ పెద్దది. హోటళ్ళ దుప్పట్లు, దిండు గలేబులు, ఆసుపత్రి తెరలు గుట్టలుగా వచ్చిపడేవి. ఆమెది ఆవిరి ఇస్త్రీ. తడి దుప్పటిని బల్ల మీద పరిచి, కుడికాలితో పెడల్ తొక్కితే పైనున్న ఇనుపమూత బుస్సున దిగుతుంది. ఎడమకాలి మీద ఒళ్ళంతా మోపి నిలబడాలి. కుడికాలు ఆగకుండా తొక్కుతూనే ఉండాలి. సరిగ్గా తొక్కకపోతే దుప్పటి మాడుతుంది, మేస్త్రీ నోరు లేస్తుంది. ఆ లాండ్రీలో కూర్చుని చేసే పని అంటూ లేదు. కాళ్ళు లేనివాళ్ళకు అక్కడ చోటు లేదని అందరికీ తెలుసు.

ఈమారు చెప్పులు తోడికోడలివి. చిన్నకోడలికి పెద్ద బట్టల షాపులో సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చింది. రోజంతా నిలబడాలి, రబ్బరు చెప్పులు వేసుకోకూడదు, తోలువే వేసుకోవాలి అన్నారు. చిన్నకోడలివి తమలపాకుల్లాంటి పాదాలు. కొత్త చెప్పు చూస్తేనే ఆమె మడమ ఎర్రబడుతుందని మరిది ఎగతాళి చేసేవాడు.

వీధి మలుపులో చెప్పులు కుట్టేవాడికి పని అప్పజెప్పారు. దళసరి తోలు, మందపాటి అట్ట, నడిస్తే టకటకమనే మడమ. జత తయారైందని కబురు రాగానే అక్కాచెల్లెళ్ళలా ఇద్దరూ కలిసి వెళ్ళారు.

చెప్పులాయనకు ఒక పద్ధతి ఉంది. జత ముగించాక కొనేవాళ్ళ చేతికి ఇవ్వడు, కాళ్ళకే ఇస్తాడు. "వీధి చివరిదాకా నడిచి రండి, ఎక్కడ కరుస్తుందో చెప్పండి," అంటాడు. తిరిగొచ్చి వాళ్ళు ఇక్కడా అక్కడా అని వేలుపెట్టి చూపిస్తే, అక్కడ సుత్తితో కొట్టి, చెక్కతో రుద్ది, మేకు మొన ఏదైనా పైకొస్తే వంచి, మళ్ళీ నడవమంటాడు. చివరి సుత్తిదెబ్బ ఎక్కడ పడాలో వేసుకున్న కాలే చెప్పాలి, తన కళ్ళకు తెలియదు అంటాడు.

ఆ సాయంత్రం చిన్నకోడలు ఎడమచెప్పులో కాలుపెట్టబోయి, దాని బిరుసు చూసి వెనక్కి తీసుకుంది.

"అక్కా, నువ్వే నడిచి రావా. నాకు భయంగా ఉంది."

"చెప్పుకి భయపడే సూపర్‌వైజర్‌వి నువ్వే. ఇటు తే," అంది చెప్పులక్క.

ఆమెను చూడగానే చెప్పులాయన మొహం విప్పారింది. "నువ్వొచ్చావా అక్కా! ఇంకేం, నా సుత్తికి సెలవే."

ఆమె టకటకమని వీధి చివరిదాకా వెళ్ళింది. దారిలో ఎవరితోనో నిలబడి కబుర్లు కూడా చెప్పింది. తిరిగొచ్చి, "వెన్నలా ఉన్నాయయ్యా. ఎక్కడా ఏమీ లేదు," అంది. చెప్పులాయన సుత్తి పెట్టెలో పడేసి చేతులు దులుపుకున్నాడు. చిన్నకోడలు అక్క చెయ్యి పట్టుకుని, "నీ కాళ్ళు నాకిచ్చెయ్యి," అని నవ్వింది.

మర్నాడు ఆ చెప్పులతోనే చెప్పులక్క లాండ్రీకి వెళ్ళింది. ఇస్త్రీ దగ్గర ఆడవాళ్ళందరూ చుట్టూ చేరి చూశారు. "వీటితో నేనైతే గేటు కూడా దాటను," అందొకతె. చెప్పులక్క గర్వంగా ఎడమకాలి మీద ఒళ్ళంతా మోపి, కుడికాలితో పెడల్ తొక్కి, పొద్దంతా పనిచేసింది. మధ్యాహ్నం దాటాక ఎడమకాలి కింద కొంచెం జారుతున్నట్టనిపించింది. "ఎవరే నీళ్ళు ఒలకబోసింది, మనుషులు నడవక్కర్లేదా?" అని కేకలేసింది. లాండ్రీలో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు గుమ్మం పక్కన విడిచింది. వంటింట్లోకెళ్ళి నీళ్ళు తాగింది. వెనకగదిలో సంచి పెట్టింది. పెరట్లో ఆరేసిన బట్టలు తీసి తెచ్చి మంచం మీద వేసింది. చిన్నకోడలు ముందుగదిలో కూర్చుని ఉద్యోగానికి కట్టుకోవాల్సిన చీర అంచు కుడుతోంది. సూది జారిపడితే వెతుక్కోవడానికి వంగింది.

"అక్కా! నెత్తురు!"

 ఆ అరుపుకి చెప్పులక్క పరుగున వచ్చింది. నేల మీద, గుమ్మం నుంచి లోపలిదాకా, ఎర్రటి మరకలున్నాయి.

"పిల్ల ఏదే? పిల్లకేమైనా తగిలిందా?" అంటూ చిన్నకోడలి కూతుర్ని ఒడిసిపట్టుకుంది. మోకాళ్ళు చూసింది, మోచేతులు చూసింది, నోరు తెరిపించి పళ్ళు చూసింది. "నాకేం కాలేదు పెద్దమ్మా," అని ఆ పిల్ల గింజుకుంది.

"మరి నీకా? సూది గుచ్చుకుందా?"

"సూదికి ఇంత నెత్తురొస్తుందా అక్కా?"

మరిది మంచం మీద కునుకు తీస్తున్నాడు. చెప్పులక్క వెళ్ళి లేపి, రెండు కాళ్ళూ పట్టి లాగి చూసింది. ఆయన నిద్రకళ్ళతో, "ఏంటి వదినా, నా కాళ్ళు పట్టుకుంటున్నావ్, అప్పు కావాలా?" అన్నాడు. నవ్వే ఓపిక ఎవరికీ లేదు. పిల్లి ఏదైనా ఎలుకను పట్టుకొచ్చి ఉంటుందని వంటింట్లో వెతికింది. మంచం కింద వెతికింది. పెరట్లోకి వెళ్ళి చూసి వచ్చింది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. తిరిగినకొద్దీ మరకలు ఎక్కువవుతున్నాయి. ఇందాక లేనిచోట కూడా ఉన్నాయి.

"ఇదేం ఖర్మే, ఇది ఎక్కణ్ణుంచి వస్తోందే!" అంది, ఏడుపు గొంతుతో.

చిన్నకోడలు తడిగుడ్డతో తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. అప్పుడే తుడిచిన చోట మళ్ళీ మరక పడింది. గుండ్రంగా, మడమంత ఉంది. దాని తర్వాత మరొకటి, అడుగు దూరంలో. ఆ తర్వాత ఇంకొకటి. వాటి చివర చెప్పులక్క నిలబడి ఉంది.

"అక్కా, కదలకు."

"ఏమైందే?"

"నీకు దణ్ణం పెడతాను, కదలకక్కా."

ఆ గొంతు విని చెప్పులక్క ఉన్నచోటే కొయ్యబారిపోయింది. చిన్నకోడలు మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి, ఆమె ఎడమకాలు పైకెత్తింది. పిల్ల చూసి బావురుమంది. మరిది చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. చెప్పులక్క గోడ పట్టుకుని, కాలు మడిచి, తన మడమ తాను చూసుకుంది. నడిమధ్యలో వేలు పట్టేంత గుంట ఉంది. చుట్టూ చర్మం నాని తెల్లగా పాలిపోయింది. అందులోంచి నెత్తురు నింపాదిగా కారుతోంది.

"ఇది... నాదేనా?" అంది.

 ఆమె మడమ మీద వేలు పెట్టింది. వేలికి తడి తెలిసింది, వెచ్చదనం తెలిసింది. మడమకు మాత్రం వేలు తెలియలేదు. ఇంకొకరి కాలు ముట్టుకున్నట్టుంది. చప్పున చెయ్యి లాగేసుకుంది.

మరిది గుమ్మం పక్కనుంచి ఎడమచెప్పు తెచ్చాడు. లోపల నెత్తురు గడ్డకట్టి నల్లగా ఉంది. చిన్నకోడలు అందులో చెయ్యిపెట్టి తడిమి, కెవ్వున అరిచి వెనక్కి తీసుకుంది. మడమ ఆనేచోట, అట్టలోంచి మేకు మొన నిటారుగా పైకి లేచి ఉంది. ఆమె వేలి చివర ఎర్రటి చుక్క పొడుచుకొచ్చింది. వేలు నోట్లో పెట్టుకుని అక్క వంక చూసింది. వేలు తగిలితేనే ఇంత బాధగా ఉంటే, దాని మీద పొద్దంతా నిలబడిన మనిషి ఎదురుగా ఉంది.

"వాడి చేతులు విరగ్గొట్టాలి," అంది చెప్పులక్క. ఆమెకు తోచిన మాట అదొక్కటే. మరిది ఉన్నపళంగా వెళ్ళి చెప్పులాయన్ను వెంటబెట్టుకొచ్చాడు. ఆయన చేతిలో సుత్తి అలాగే ఉంది. కాలు చూశాడు, చెప్పు చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నడిచొచ్చావు కదక్కా," అన్నాడు. "ఏమీ లేదన్నావు కదా."

"మేకు పెట్టింది నువ్వు, నన్నంటావేం?"

"మేకులు అన్ని జతల్లోనూ పెడతానక్కా. ఏదో ఒకటి పైకొస్తుంది. మొదటి అడుగుకే అమ్మో అని అరుస్తారు, అప్పుడు వంచేస్తాను. అందుకే కదా నడవమనేది. నువ్వు వెన్నలా ఉందన్నావ్. నీ మాట మీద సుత్తి పెట్టెలో పెట్టేశాను." ఆయన గుమ్మంలోనే చతికిలబడ్డాడు. "నువ్వు నడిచిచ్చిన జతలు తీసుకెళ్ళి, గుచ్చుకుంటోందని మొత్తుకుంటూ వచ్చారు కొందరు. చెప్పులక్క బాగుందంది, నీ కాలే మంచిది కాదు పో, అని కసిరి పంపాను."

"పనిచేసి చేసి నా కాలు మొద్దుబారిందిలే," అంది చెప్పులక్క. గొంతులో మునుపటి గర్వం ఇంకా కొంచెం మిగిలే ఉంది.

"మొద్దుబారిన కాళ్ళు నేను రోజూ చూస్తానక్కా. నాదీ మొద్దుబారిన కాలే. మేకు దిగితే నేనూ ఎగిరి గంతేస్తాను."

చెప్పులక్క కాలు మడిచి మళ్ళీ మడమ వంక చూసుకుంది.

మడమకు గుడ్డ చుట్టి, మరిది బండి మీద కూర్చోబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. చిన్నకోడలు వెనకాలే వచ్చింది. ముందుగదిలో బల్లల నిండా జనం. పక్కన కూర్చున్న పెద్దమనిషి కట్టుకట్టిన కాలు చూసి పలకరించి, మరిది చెప్పిందంతా విన్నాడు. కొందరికి ఎదుటివాళ్ళను భయపెట్టడంలో అదో తృప్తి. ఈయన ఆ బాపతు.

"స్పర్శ లేదా? అయితే కళ్ళు మూసుకోమని పరీక్ష పెడతారు. తెలియడం లేదన్నావో, నీ పని అయిపోయినట్టే. తీసేస్తారు. మా బావమరిది అలాగే ఉన్నదున్నట్టు చెప్పి కాలు పోగొట్టుకున్నాడు."

చిన్నకోడలు, "మీరు ఊరుకోండి బాబూ," అని గదిమింది గానీ, ఆ మాట చెప్పులక్క చెవిలో ఇల్లు కట్టుకుంది. కాలు తీసేస్తే పెడల్ ఎవరు తొక్కుతారు? ఎడమకాలు లేకుండా కుడికాలితో ఎలా తొక్కుతారు? ఆ బల్ల మీద కూర్చునే ఆమె ఒక నిర్ణయానికి వచ్చేసింది.

లోపల డాక్టరమ్మ గాయం కడిగి చూసింది. చేతి వేలికి సూది గుచ్చితే చెప్పులక్క "అబ్బా" అంది. అని, తెలిసిందన్న సంతోషంతో చిన్నకోడలి వంక చూసింది. డాక్టరమ్మ మిషనులో అంకె చూసి కనుబొమలు ఎత్తింది.

"సుగర్ ఉందని తెలుసా?"

"ఎవరికండీ?"

"మీకేనమ్మా. ఇవాళ వచ్చింది కాదు. ఏళ్ళ తరబడి ఉన్నట్టుంది." తర్వాత సొరుగులోంచి చేప గాలపు దారంలాంటి పోగొకటి తీసింది. "కళ్ళు మూసుకోండి. ఎక్కడెక్కడ తగిలిందో, తగిలినప్పుడల్లా చెప్పండి."

చెప్పులక్క గట్టిగా కళ్ళు మూసుకుంది. చెవులు రిక్కించి కూర్చుంది. 

"ఇప్పుడు?"

"ఆఁ, తెలిసింది."

"ఇప్పుడు?"

"తెలిసింది. బొటనవేలు."

"ఇప్పుడు?"

"అబ్బా! కొంచెం మెల్లిగా డాక్టరమ్మా, గుచ్చుకుంటోంది!" అంది. నొప్పి ఎలా ఉంటుందో గుర్తుతెచ్చుకుని, మొహం కూడా చిట్లించింది.

చిన్నకోడలు వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది. ఎందుకేడుస్తోందో అర్థంకాక చెప్పులక్క కళ్ళు తెరిచింది. డాక్టరమ్మ కాలి దగ్గర లేదు. గదిలో అవతలి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పోగు ఆమె చేతిలోనే ఉంది.

"నేనింకా మొదలుపెట్టలేదమ్మా," అంది డాక్టరమ్మ. "మీ మొహం చూసి అనుమానమొచ్చి ఇక్కణ్ణుంచే అడిగాను."

చెప్పులక్కకు తల కొట్టేసినట్టయింది. అయినా దిగిరాలేదు. "ఆ కాలు దెబ్బతింది కాబట్టి అలా ఉంది. ఈ కాలు చూడండి, ఇది గుండ్రాయిలా ఉంది," అంటూ కుడికాలు ముందుకు చాపింది.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ కాలు ఒళ్ళోకి తీసుకుంది. దీపం దగ్గరికి లాగి అరికాలు తిప్పి చూసింది. చూస్తూ చూస్తూ ఒకచోట ఆగింది. వేళ్ళ మొదట, పెడల్ ఆనేచోట, ఒక నల్లటి చుక్క ఉంది. చుట్టూ గట్టిపడ్డ చర్మం. డాక్టరమ్మ చిన్న పట్టకారు తీసుకుని ఆ చుక్కను పట్టుకుని లాగింది. లాగుతూనే ఉంది. వేలి కణుపంత పొడవున్న ఇనుపముక్క బయటికొచ్చింది. చిన్నకోడలు కుర్చీ పట్టుకుని కళ్ళు మూసుకుంది. చెప్పులక్క రెప్పవేయకుండా చూస్తూ కూర్చుంది. తన కాల్లోంచి ఒకటి వస్తోందని కళ్ళు చెబుతున్నాయి తప్ప కాలు చెప్పడం లేదు.

అది పళ్ళెంలో పడి ఖంగుమంది. లాండ్రీలో దుప్పట్లకు గుర్తుచీటీ తగిలించే పిన్నులో విరిగిన ముక్క. రోజూ ఆమె చేతుల్లో ఆడేదే. తుప్పుపట్టి ఉంది.

"ఇది ఇవాళ్టిది కాదు," అంది డాక్టరమ్మ. "దీని మీద చర్మం కూడా పెరిగింది. ఎప్పుడు గుచ్చుకుందో చెప్పగలరా?"

చెప్పులక్క గుర్తుచేసుకోబోయింది. ఇస్త్రీ చేసిన రోజులు, ఎవరెవరి చెప్పులకో బుద్ధి చెప్పిన రోజులు, మెచ్చుకోళ్ళకు మురిసిన రోజులు అన్నీ వెతికింది. కాల్లో ఇనుము పెట్టుకుని ఆ రోజుల్లో దేనిలో నడిచిందో, దేనిలో నవ్విందో ఆమెకు అంతుబట్టలేదు.  ఇంతవరకూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా తెగింది.

"తెలియదు," అంది. "నాకు తెలియదు డాక్టరమ్మా. ఆ కాలూ తెలియడం లేదు, ఈ కాలూ తెలియడం లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. నా కాళ్ళు తీసేస్తారా?" అని చిన్నపిల్లలా ఏడ్చేసింది.

"తీసేయడానికి అడగలేదమ్మా, కాపాడ్డానికే అడిగాను. తెలుస్తోందని మీరు అబద్ధం చెప్పి ఇంటికెళ్ళిపోయి ఉంటే, అప్పుడు తీసేయాల్సి వచ్చేది. ఎక్కడిదాకా పోయిందో నాకు నిజం కావాలి. మళ్ళీ కళ్ళు మూసుకోండి. తెలిస్తేనే చెప్పండి."

చెప్పులక్క కళ్ళు మూసుకుంది. చిన్నకోడలు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ ఈసారి ఇప్పుడు, ఇప్పుడు అని అడగలేదు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ లేదు. పరీక్ష మొదలైందో లేదో ఆమెకు తెలియలేదు. ఊరికే కూర్చుంది. తెలిసిందని అనేయాలని నోటిదాకా వచ్చిన మాటను మింగి మింగి కూర్చుంది. తన చెయ్యి పట్టుకున్న చిన్నకోడలి వేళ్ళు అంతకంతకూ బిగుసుకుంటున్నాయి. అంటే పోగు కదులుతోందన్నమాట. అయినా ఏమీ లేదు, ఇంకా ఏమీ లేదు. చాలాసేపటికి, మోకాలికి జానెడు దిగువన, చీమ పాకినట్టయింది.

"ఇక్కడ," అంది చెప్పులక్క.